పొట్లం ఖాళీ అయితే.. సినిమా పోయినట్టే!

పాతాళభైరవి నుంచి పుష్ప దాకా అణైకట్టు సినిమా పెద్దాయన తీర్పులు

అణైకట్ (వేలూరు జిల్లా):

బస్సు కండక్టరు నోట్లో అది అణైకట్. బోర్డు మీద అణైకట్టు. తెలుగులో చెప్పుకుంటే ఆనకట్ట. మాట ఒక్కటే, నోళ్లే వేరు. వేలూరు నుంచి బస్సెక్కితే గంటలోపే వచ్చే ఈ ఊళ్లో, బస్టాండు దగ్గరి టీ కొట్టు బెంచీ మీద పొద్దున పూట ఒక పెద్దాయన కనిపిస్తాడు. చేతిలో తెలుగు పేపరు. అది ఎప్పుడూ సినిమా పేజీ దగ్గరే మడిచి ఉంటుంది. ఎదురుగా కూర్చున్నది తెలుగువాడా, తమిళుడా అని ఆయన చూడడు. 'ఈ మధ్య ఏం పడం చూస్తివి?' అని ఏదో ఒక భాషలో మొదలుపెడతాడు. ఆ తర్వాత టీ చల్లారిపోవాల్సిందే.

''పేరు మాత్రం వేయొద్దు నైనా. మా ఇంటామె రజనీకి అభిమాని. మా అల్లుడు విజయ్‌కి. నేను చెప్పేది చదివినారంటే నాకు రాత్రికి సంగటి ఉండదు'' అన్నాడు ముందే. ఇంట్లో తెలుగు చదవడం అందరికీ వచ్చా అని అడిగితే ఒక్క క్షణం ఆగాడు. ''ఇంటామెకు వచ్చు. పలమనేరు మనిషి. అందుకే భయం. మిగిలినోళ్ల సంగతి కడాకు చెప్తా. ముందు సినిమాలు కానీ.''

చెనక్కాయల కొలత

ఆయన పుట్టింది 1951లో. ''పాతాళభైరవి వచ్చిన ఏడాదే నేనూ వచ్చినా. అది ఇంకా ఆడతానే ఉండాది, నేనూ ఆడతానే ఉండా'' అని మీసం దువ్వుతాడు. సొంతూరు గుడియాత్తం పక్కన. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే మగ్గం మీద లుంగీలు నేశాడు. మోకాళ్లు సహకరించక మగ్గం దిగి, అణైకట్టులో కూతురింటికి చేరాడు. గుడియాత్తంలో తెలుగు సినిమా పడితే సరే, లేదంటే పరదరామి మీదుగా చిత్తూరు బస్సు పట్టుకోవడమే. ఆట చూసి, కడాబస్సు తప్పిపోయి, తెల్లారిందాకా చిత్తూరు బస్టాండులో పడుకున్న రోజులు లెక్కలేదంటాడు.

పేపర్ల వాళ్లు సినిమాకు చుక్కలు వేస్తారు. ఈయనది చెనక్కాయల లెక్క. లోపలికి పోయేటప్పుడు వేయించిన చెనక్కాయల పొట్లం ఒకటి కొంటాడు. ''సినిమా బాగుంటే చెయ్యి పొట్లంలోకి పోదు. బాగలేదంటే చెయ్యి ఊరికే ఉండదు. ఇంటర్వెల్‌లోపల పొట్లం ఖాళీ అయ్యిందంటే ఆ పడం పోయినట్టే. ఇంగ నువ్వు ఎన్ని చుక్కలైనా వేసుకో.''

మరి మల్టీప్లెక్సుల్లో ఎలా? ''ఆడ మన పొట్లం లోపలికి రానీరు. పేలాలు అమ్ముతారు. టికెట్టు కంటే పేలాలే ప్రియం. అంత దుడ్డు పెట్టినాక సినిమా బాగలేకపోయినా బాగుందనే చెప్పుకోవాల. లేదంటే ఇంట్లో మర్యాద ఉండదు.''

ఒకే సెట్టు.. రెండు పడాలు

అప్పట్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. విజయా వాళ్ల సినిమాలు వడపళనిలో తయారయ్యేవి. ఒకే కథను, ఒకే సెట్టు మీద, తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి తీసేవారు. పాతాళభైరవి అలాగే రెండు భాషల్లో వచ్చింది. 1955లో మిస్సమ్మ, తమిళంలో మిస్సియమ్మ అయింది. 1957లో మాయాబజార్ కూడా అంతే. సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇదొక వింత. ఒకే సినిమాను రెండుసార్లు చూడొచ్చు. మనుషులు సగం వాళ్లే, సగం వేరే.

''మిస్సమ్మలో సావిత్రి రెండు పక్కలా ఉంటుంది. మొగుడుగా తెలుగులో రామారావు, తమిళంలో జెమినీ గణేశన్. మా అమ్మ రెండూ చూసింది. ఉద్యోగం కోసం మొగుడూ పెండ్లాలమని అబద్ధం చెప్పే కథ కదా అది! 'ఉండేదే దొంగ మొగుడు, మళ్లీ దాంట్లో ఇద్దరేందిరా' అని వారం రోజులు అడిగింది. నాకేం తెలుసు, చిన్న పిల్లోణ్ని'' అని నవ్వుతాడు.

మాయాబజార్ దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు మారిపోతుంది. కృష్ణుడు రెండు భాషల్లోనూ రామారావే. ఘటోత్కచుడు రెండింట్లోనూ ఎస్వీ రంగారావే. అభిమన్యుడు మాత్రం తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ. సావిత్రి తెలుగులో శశిరేఖ, తమిళంలో వత్సల. ''పేరు మారింది. కానీ ఆడపిల్ల వేషంలో ఉన్న ఘటోత్కచుడి మాదిరి నడిచిందే ఆయమ్మ, ఆ నడక మాత్రం రెండు భాషల్లోనూ ఒక్కటే. నడకకు భాష లేదు కదా!''

కేవీ రెడ్డి గురించి ఆయన చెప్పే మాట ఇంకోటి ఉంది. ''భారతం కథ తీసినాడు. పాండవుల్ని ఒక్కసారన్నా చూపించలే. చూడు కావాలంటే. ఐదు మందికి బట్టలు మిగిలె, కిరీటాలు మిగిలె, కూలీ మిగిలె. వాళ్లు లేరనే సంగతి మూడు గంటలు మనకు గుర్తే రాదు. ఇప్పుడోళ్లయితే ఐదు మందికీ తలా ఒక ఫైటు, తలా ఒక పాట పెడతారు. భీముడికి రెండు.''

2010లో మాయాబజార్‌కు రంగులద్ది మళ్లీ వదిలారు. ఈయన పోయి చూసొచ్చాడు. ''బాగానే ఉండాది. కాకపోతే ఇన్నేండ్లుగా శశిరేఖ చీరకు నా మనసులో నేనేసుకున్న రంగు వేరే. ఇంటికొచ్చి కండ్లు మూసుకుని మళ్లీ పాత రంగే వేసుకున్నా.''

గుండమ్మ కథ (1962) విషయంలో మాత్రం ఆయనకు రాజీ లేదు. తమిళంలో అది మనిదన్ మారవిల్లై. అందులో గుండమ్మ పాత్ర సుందరీబాయి వేసింది. ''ఆయమ్మ మంచి నటే, కాదనను. కానీ సూర్యకాంతం తిడితే తిట్టినట్టుండదు, మన ఇంటి గడప కాడ ఎవరో గట్టిగా మాట్లాడతా ఉన్నట్టుంటుంది. ఆ గొంతు లేకుండా ఆ కథ, కారం లేని చింతాకు పప్పే.''

పెళ్లిచూపుల్లో పౌరాణికం

ఆయన చదువంతా తమిళంలోనే. బడిలో తెలుగు లేదు. మరి పేపరు ఎలా చదువుతున్నాడు? ''పాటల పుస్తకాలు నైనా! ఇంటర్వెల్‌లో హాల్లో అమ్మేవాళ్లు. రవంత పుస్తకం, ఊదితే ఎగిరిపోయే కాగితం. పాట నోటికి ముందే వచ్చు. నోట్లో ఉండేదాన్ని వేలుతో అక్షరాల మీద పెట్టుకుంటా పోతే, రెండేండ్లకు తెలుగు వచ్చేసింది. పోస్టర్లు నాకు పెద్ద బాలశిక్ష.''

అలా నేర్చిన తెలుగు ఒకసారి కొంప ముంచబోయింది. 1976లో పలమనేరులో పెళ్లిచూపులు. బయల్దేరేటప్పుడే అన్న హెచ్చరించాడు. 'వాళ్లు ఆంధ్రా వాళ్లు. మన తెలుగు వింటే నవ్వుతారు. రవంత పద్ధతిగా మాట్లాడు' అని. ఈయనకు పద్ధతైన తెలుగంటే సినిమా తెలుగే తెలుసు. అందులోనూ పౌరాణికం.

''మామ 'బాగా వస్తిరా నాయనా' అన్నాడు. నేను లేచి నిలబడి, చేతులు జోడించి, 'తమ దయవలన ప్రయాణము సుఖముగా సాగినది' అన్నా. అందరూ ఊరికే అయిపోయినారు. కేసరి పెట్టినారు. ఇంకొంచెం అంటే 'చాలును, చాలును' అన్నా. మామ మధ్యవర్తిని పక్కకు పిలిచి, 'మగ్గం నేస్తాడంటివే, నాటకాల కంపెనీలో ఉండాడా పిల్లోడు?' అని అడిగినాడంట. లోపల వంటింట్లోంచి ఒక నవ్వు ఇనపడింది చూడు! ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్విందే.. ఆమే మా ఇంటామె.''

ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె ఒక్కటే మాట అంటుందట. 'సుఖముగా సాగినది అని ఆ పొద్దు అన్నావు. నలభై ఎనిమిదేండ్లయింది, మళ్లీ ఎప్పుడన్నా అన్నావా?' అని.

596 రోజుల ముచ్చట

పాత సినిమాల్లో ఆయన పొట్లం విప్పనిది ఇంకోటి ఉంది. మరోచరిత్ర (1978). తీసింది తమిళ దర్శకుడు బాలచందర్. తీసింది తెలుగులో. కథ విశాఖపట్నంలో. తమిళ అబ్బాయి కమల్‌హాసన్, తెలుగు అమ్మాయి సరిత. ఈ సినిమాను తమిళంలోకి డబ్బింగు చెయ్యలేదు. తెలుగు మాటలతోనే మద్రాసు మౌంటు రోడ్డులోని సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడింది. ఆ సఫైర్ ఇప్పుడు లేదు. 1980లో శంకరాభరణం కూడా తమిళనాట తెలుగులోనే ఆడి జనాన్ని కూర్చోబెట్టింది.

''అర్థమయ్యే సంగతి వేరే, ఇష్టపడే సంగతి వేరే. మద్రాసులో ఆ సినిమా చూసినోళ్లలో తెలుగు రానోళ్లు ఎంతమందో! వాళ్లు మాటలు వెతుక్కోలే. మొగాలు చూసినారు. మా మగ్గాల కాడ ఒక తమిళ పిల్లోడు ఉండేవాడు. మరోచరిత్ర చూసొచ్చి, ఆ మాటకు అర్థమేంది, ఈ మాటకు అర్థమేంది అని నన్ను చంపేసినాడు. నెల తిరిగేసరికి తెలుగులో నన్నే ఎగతాళి చేసినాడు. అదీ సినిమా అంటే!''

అందులో ఒక పాటంతా తెలుగు సినిమా పేర్లతోనే అల్లి ఉంటుంది. ఆ పాటంటే ఈయనకు ప్రాణం. ''సినిమా పేర్లతో తెలుగు నేర్చుకున్నోణ్ని నేనొక్కణ్నే కాదని ఆ పొద్దు తెలిసింది.''

గోడ మీద ఒక ఊరు.. నోట్లో ఒక ఊరు

డబ్బింగు సినిమాలకు సరిహద్దువాళ్లే అసలైన పరీక్షాధికారులు అంటాడు పెద్దాయన. ఎందుకంటే వాళ్లకు రెండూ వచ్చు. ''హీరో 'మాది రాజమండ్రి' అంటాడు. వెనక గోడ మీద తమిళంలో మదురై అని రాసుంటుంది. విజయవాడ వాళ్లకు కనపడదు. మాకు కనపడుతుంది. నోరు 'వాంగ' అని కదులుతుంది, చెవికి 'రండి' అని ఇనపడుతుంది. మాకు రెండూ ఇనపడతాయి. ఒక టికెట్టుకు రెండు సినిమాలు, రెండూ సగం సగం.''

ఒకసారి వేలూరులో తెలుగు సినిమా అని పోస్టరు చూసి టికెట్టు కొని కూర్చున్నాడు. తెర మీద చూస్తే తమిళ డబ్బింగు. గేటు కాడ అడిగితే 'కథ అదే కదా పెద్దాయనా' అన్నారట. ''ఇడ్లీ అడిగితే ఊతప్పం పెట్టి, పిండి అదే కదా అన్నట్టు!''

అయినా డబ్బింగును ఆయన పూర్తిగా తిట్టడు. కారణం ఇద్దరు గాయకులు. తెలుగులోకి వచ్చిన కమల్‌హాసన్ సినిమాలకు చాలావాటికి గొంతిచ్చింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. రజనీకాంత్‌కు గొంతిచ్చింది మనో. ''రజనీ సొంత గొంతు తమిళంలో ఇన్నా, మనో గొంతు తెలుగులో ఇన్నా. ఏది అసలో, ఏది నకలో రాన్రాను నాకే మరుపొచ్చింది'' అంటాడు. బాలు పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ''ఆయన కూడా మన మాదిరి సరిహద్దు మనిషే నైనా. అందుకే ఆ నాలుక ఎటైనా తిరిగింది.'' 2020 సెప్టెంబరు 25న బాలు పోయినప్పుడు టీ కొట్టులో రేడియో కట్టేసి, ఆ పొద్దంతా ఎవరూ మాట్లాడుకోలేదట.

హీరో మారె.. ప్రకాష్‌రాజ్ మారకపాయె

రెండు వేల సంవత్సరం తర్వాత ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. కారణం రీమేకులు. ఒక్కడు (2003) తమిళంలో గిల్లి (2004) అయింది. పోకిరి (2006) తమిళంలోనూ పోకిరి (2007) పేరుతోనే వచ్చింది. బొమ్మరిల్లు (2006) సంతోష్ సుబ్రమణియం (2008) అయింది. ''మహేష్ బాబు పోయి విజయ్ వచ్చె. కొండారెడ్డి బురుజు పోయి మదురై మీనాక్షి గుడి వచ్చె. సిద్ధార్థ్ పోయి రవి వచ్చె. కానీ మూడింటిలోనూ ప్రకాష్‌రాజ్ మారలే! రెండింట్లో విలనూ ఆయనే, ఒక దాంట్లో నాయనా ఆయనే. ఆయన మాత్రం అటు తిట్టించుకుని, మళ్లీ ఇటొచ్చి తిట్టించుకునె. ఈ మనిషికి రేషన్ కార్డు రెండు రాష్ట్రాల్లోనూ ఇయ్యాల.''

మరి ఒక్కడు గొప్పా, గిల్లి గొప్పా? పెద్దాయన అటూ ఇటూ చూశాడు. అల్లుడు దగ్గర్లో లేడని రూఢి చేసుకున్నాడు. ''ముందు చూసిందే గొప్ప. నేను ముందు ఒక్కడు చూసినా. వాడు ముందు గిల్లి చూసినాడు. మొదట తిన్న చేతి ముద్ద రుచి వేరే కదా! 2024లో గిల్లిని మళ్లీ హాళ్లలో వేసినారు. మా అల్లుడు పోయి, పిల్లోడి మాదిరి ఎగిరొచ్చినాడు. ఆ పొద్దు నాకు వాడి మీద ఇష్టం పెరిగింది. ఇరవై ఏండ్ల తర్వాత కూడా ఎగిరినాడంటే, వాడూ నా జాతోడే.''

పేర్ల మీద కూడా ఆయనకు అభిప్రాయం ఉంది. నువ్వొస్తానంటే నేనొద్దంటానా (2005) సినిమాను తమిళంలో తీసినప్పుడు మొదట సంథింగ్ సంథింగ్ అనే మాట కూడా పేరులో పెట్టారు. 2006లో తమిళ పేర్లున్న సినిమాలకు తమిళనాడు ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయింపు ఇచ్చింది. దాంతో అది ఒట్టి ఉనక్కుం ఎనక్కుం అయింది. ''పన్ను పోతుందంటే భాష మీద ప్రేమ దానంతట అదే వస్తుంది. మనోళ్లు కూడా ఆ పని చేసుంటే ఇన్ని ఇంగ్లీషు పేర్లు రాకపోను. కాకపోతే ఆ తెలుగు పేరుందే, బస్సుకు బోర్డు రాయాలంటే రెండు బస్సులు కావాల.''

సగం కథకు పూర్తి టికెట్టు

కొత్త సినిమాల్లో ఆయనకు నచ్చనిది ఫైట్లు కాదు, పాటలు కాదు. రెండో భాగం. 2015లో బాహుబలి చూసి బయటికొచ్చాడు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలియలేదు. 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ''నాకు అప్పుడే అరవై నాలుగు. బీపీ మాత్ర మింగుతా రెండేండ్లు కాచుకున్నా. అది బాగుంది కాబట్టి పోనీలే అనుకున్నా. ఆనక అందరూ అదే పట్టుకున్నారు.''

2023లో సలార్, 2024లో కల్కి, దేవర. మూడింటికీ కథ మధ్యలో ఆపి, మిగతాది తర్వాత అన్నారు. ''సంసారంలో వాయిదా చీటీలు చూసినా, సినిమాలో ఇప్పుడే చూస్తా ఉండా. మా వయసోళ్లకు టికెట్టు ఇచ్చేటప్పుడు సగం దుడ్డే తీసుకోవాల. మిగిలింది రెండో భాగానికి. మధ్యలో మేము పోతే ఆ దుడ్డు మిగులుతుంది కదా! మాయాబజార్‌లో ప్రేమ ఉండాది, మాయ ఉండాది, విందు ఉండాది, పెండ్లి ఉండాది. అంతా ఒక టికెట్టులో ఇచ్చి ఇంటికి పంపినారు.''

ఆర్‌ఆర్‌ఆర్ (2022) మాత్రం మినహాయింపు. ఒక హీరో ఇంకో హీరోను భుజాల మీద ఎక్కించుకుని చేసే ఫైటు దగ్గర పొట్లం కింద పడిపోయిందట. ''తాత సినిమాకు టికెట్టు కొన్నా, మనవడి సినిమాకూ కొన్నా. తాత రామారావు మాయతో చేసింది మనవడు కండలతో చేసినాడు. ఎవరు గొప్ప అని అడగొద్దు. నాకూ మనవడు ఉండాడు.''

మన యాస.. హీరో నోట్లో

ఇక్కడికి వచ్చేసరికి ఆయన పేపరు పక్కన పెట్టాడు. ఇప్పటిదాకా నవ్వుతూ చెప్పిన మనిషి నెమ్మదించాడు.

''ఇన్నేండ్లు సినిమాలు చూసినా కదా, హీరో ఒక్కడన్నా మా మాదిరి మాట్లాడినాడా? హీరోకు కృష్ణా, గుంటూరు తెలుగు. మా యాస ఎవరికంటే నవ్వించేటోడికి, లేదంటే తన్నులు తినేటోడికి. 'ఉండాది' అన్నాడంటే వాడు ఇంటర్వెల్‌లోపల చస్తాడని లెక్క.''

2021 డిసెంబరు 17న పుష్ప వచ్చింది. శేషాచలం ఎర్రచందనం కథ. హీరో అల్లు అర్జున్ సినిమా అంతా చిత్తూరు యాసలోనే మాట్లాడాడు. ఆ పాత్రకే 2023లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే తొలిసారి.

''మనవడు అడిగితే అందరం కలిసి పోయినాము. ఆ హాల్లో వేసింది తమిళం. నా యాస మాట్లాడే హీరో డెబ్బై ఏండ్లకు ఒకడొచ్చె. వాడు కూడా మద్రాసు తమిళం మాట్లాడె!'' అని నవ్వబోయి ఆగాడు. ''ఆ పొద్దు పొట్లం తొందరగా అయిపోయింది. సినిమా తప్పు కాదు అది.''

ఆ సినిమా మీద ఆయనకు ఇంకో మాట కూడా ఉంది. అణైకట్టుకు జవ్వాది కొండలు దగ్గర. ఆ కొండల ఊళ్ల నుంచి చెట్లు కొట్టే కూలికి శేషాచలం పోయినవాళ్లు ఉన్నారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. తిరువణ్ణామలై జిల్లా కొండ ప్రాంతాల వాళ్లూ వారిలో ఉన్నారు. ''సినిమాలో కూలోడు సిండికేటుకు లీడర్ అయితాడు. కాలు మీద కాలేసుకుంటాడు. మేము ఈల వేస్తాము, నేనూ వేసినా. కానీ ఈడనించి పోయిన కూలోళ్లలో లీడర్ అయినోడు నాకు కనపడలే. తిరిగి రానోళ్ల ఇండ్లు మాత్రం తెలుసు. ఆ ఒక్క తావులో సినిమా నాకు గొంతు దిగలే.''

2024 డిసెంబరులో వచ్చిన రెండో భాగం మూడు గంటల ఇరవై నిమిషాలు. దాని గురించి అడిగితే, ''రెండు పొట్లాలు పట్టింది'' అని మాత్రం చెప్పి టీ తాగాడు.

తాత మాదిరి మాట్లాడేటోడు

మొదట్లో దాచిపెట్టిన సంగతి చివరికి ఆయనే ఎత్తాడు. ఇంట్లో తెలుగు చదివేది ఇద్దరే. ఆయన, ఆయన భార్య. కూతురికి మాట్లాడటం వచ్చు, అక్షరం రాదు. అల్లుడిదీ తెలుగు ఇల్లే, అయినా వాళ్లింట్లో తమిళమే. మనవడికి వింటే కొంచెం అర్థమవుతుంది. జవాబు తమిళంలో చెప్తాడు. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యింది. ఇంట్లో ఏ భాషయినా, అక్షరాలు మాత్రం తమిళంతోనే మొదలు.

''దాన్ని నేను తప్పనను నైనా. నాకు కూడు పెట్టింది తమిళం. మగ్గం కాడ పాడుకున్నది సగం తమిళ పాటలే. నా భయం వేరే. మాకు బడిలో తెలుగు లేదు, సినిమా ఉండె. సినిమా చూడాలంటే తెలుగు రావాల, అందుకని నేర్చుకున్నాము. అట్లే తమిళ సినిమా కోసం చిత్తూరోళ్లు తమిళం నేర్చుకున్నారు. ఇప్పుడు ఏ సినిమా వచ్చినా అందరికీ వాళ్ల వాళ్ల భాషలోనే వచ్చేస్తుంది. సుఖమే! కానీ పక్కోడి మాట నేర్చుకునే పని ఎవరికీ లేకపాయె.''

ఒకరోజు మనవడు ఫోన్లో మళ్లీ పుష్ప పెట్టుకున్నాడు. తమిళంలోనే. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. తాత పక్కన కూర్చుని, భాష మార్చే చోటు ఎక్కడుందో వాడినే అడిగి, తెలుగు నొక్కించాడు. పిల్లవాడు రెండు నిమిషాలు విన్నాడు. ఫోను ఆపి, తాత మొగం చూశాడు.

'తాతా, వాడు నీ మాదిరి మాట్లాడతా ఉండాడే!' అన్నాడట తమిళంలో.

''డెబ్బై ఏండ్లు సినిమా మాదిరి మాట్లాడాలని నేను తిప్పలు పడినా. పెండ్లిచూపుల్లో నగుబాటు అయినా. ఆ పొద్దు సినిమా వచ్చి నా మాదిరి మాట్లాడింది. అది చెప్పింది ఎవరంటే తెలుగు రాని నా మనవడు. నాకు ఏ అవార్డూ వద్దు ఇంగ.''

అప్పటి నుంచి వాడు తెలుగు వెర్షనే పెట్టమంటాడు. అర్థం కాని మాట దగ్గర ఆపి అడుగుతాడు. తాత చెప్తాడు. కొన్నిసార్లు తాతకే తెలియదు. గోదావరి మాటలు వస్తే అవ్వను పిలుస్తారు. ఆమెకూ తెలియకపోతే ముగ్గురూ కలిసి ఏదో ఒక అర్థం చెప్పేసుకుంటారు.

పేపరు సినిమా పేజీ దగ్గరే ఎందుకు మడిచి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆదివారం పూట మనవడు ఇదే బెంచీ మీద కూర్చుని, వేలు పెట్టి సినిమా పేర్లు చదువుతాడు. వారానికి ఒక పేరు. ఒక్కడు వచ్చేసింది. పోకిరి వచ్చేసింది. బొమ్మరిల్లులో మకు మ వత్తు, లకు ల వత్తు కొంచెం ఇబ్బంది పెట్టాయి. ఇప్పుడు పుష్ప దగ్గర ఉన్నాడు. ష కింద ప వత్తు ఇంకా కుదరడం లేదు.

''నువ్వొస్తానంటే నేనొద్దంటానా అనేది ఎప్పుడు చదివిస్తారు?'' అని అడిగాం.

''అది రెండో భాగంలో'' అన్నాడు పెద్దాయన. బెంచీ మీద ఆయన పక్కనే చెనక్కాయల పొట్లం ఉంది. కట్టిన దారం కూడా విప్పలేదు.

పెద్దాయన పొట్లం తీర్పులు

పాతాళభైరవి: మాంత్రికుడు వచ్చినప్పుడు పొట్లం గట్టిగా పట్టుకున్నా. భయంతో.

మాయాబజార్: ఘటోత్కచుడు తింటా ఉంటే మన చెనక్కాయలు ఎవరికి కావాల?

మిస్సమ్మ: అమ్మ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడంతోనే సరిపోయె.

మరోచరిత్ర: పొట్లం తడిసిపోయింది. కండ్ల నీళ్లని చెప్పను. వాన అనుకో.

శంకరాభరణం: నమిలితే శబ్దం వస్తుందని పక్కోళ్లు కొట్టేటట్టు చూసినారు.

ఒక్కడు, గిల్లి: ఒక్కోదానికి అర పొట్లం. ఇంట్లో గొడవ లేకుండా.

బాహుబలి: మొదటి భాగంలో సగం, రెండేండ్లకు మిగిలిన సగం. బూజు పట్టలే.

పుష్ప: హాల్లో చూసినప్పుడు పొట్లమంతా అయిపోయె. ఫోన్లో చూసినప్పుడు ఒక్క గింజ ముట్టలే.